బాణం గుర్తు ఏ వాల్వ్‌ను చూపిస్తోంది? ఫ్యాక్టరీ భద్రత కోసం ఏఆర్ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడంలోని చిక్కులు

ఒక పంపు హౌస్. గోడ పొడవునా ఒకటే పైపు హెడర్, దాని మీద జానెడు దూరానికొకటి చొప్పున ఒకేలాంటి వాల్వులు ఆరు. వాటిలో మూడోది మూయాలి. టెక్నీషియన్ తలకు పెట్టుకున్న హెడ్‌సెట్‌లో ఆకుపచ్చ బాణం ఒకటి గాలిలో తేలుతూ కనిపిస్తోంది. దాని కింద ‘ఈ వాల్వ్ మూసి, తాళం వేయండి’ అని రాసుంది. అతను ఒక అడుగు పక్కకు జరిగాడు. బాణం కూడా కొద్దిగా జరిగింది. ఇప్పుడది మూడో వాల్వ్‌కూ నాలుగో వాల్వ్‌కూ మధ్య నిలబడింది.

ఆగ్మెంటెడ్ రియాలిటీ (ఏఆర్) సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల డెమోలో ఈ దృశ్యం కనిపించదు. అక్కడ మంచి వెలుతురు ఉంటుంది, యంత్రం కొత్తది, బాణం కదలదు. ఫ్యాక్టరీ భద్రతకు ఏఆర్ కొనాలా, కొంటే ఏది అన్న చర్చ చాలాచోట్ల ఆ డెమో దగ్గర మొదలై ధరల పట్టిక దగ్గర ముగుస్తోంది. నడుమ అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఆ బాణం తప్పు చూపించిన రోజున ఏమవుతుంది అన్నది వాటిలో మొదటిది.

ఏఆర్ అంటే ఏది, ఏది కాదు

వర్చువల్ రియాలిటీలో, అంటే వీఆర్‌లో, చుట్టూ ఉన్న ప్రపంచం పూర్తిగా మాయమై కంప్యూటర్ గీసిన బొమ్మే కనిపిస్తుంది. ఏఆర్‌లో అసలు ప్రపంచం అలాగే ఉంటుంది, దాని మీద బొమ్మలు, అక్షరాలు అతికినట్టు కనిపిస్తాయి. ‘ఆగ్మెంటెడ్ రియాలిటీ’ అన్న మాట పుట్టిందే ఫ్యాక్టరీ పని కోసం. విమానాల్లో వేల కొద్దీ వైర్లు కలిపే కార్మికులకు పెద్ద పెద్ద బోర్డుల బదులు కళ్ల ముందే దారి చూపించాలని 1990ల మొదట్లో బోయింగ్‌లో టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్ ఆలోచించారు. 1997లో రోనాల్డ్ అజూమా అనే పరిశోధకుడు దీనికి మూడు లక్షణాలు చెప్పాడు: అసలుదీ కల్పితమూ కలిసి కనిపించాలి, అప్పటికప్పుడు స్పందించాలి, కల్పిత బొమ్మ త్రీడీ స్థలంలో తన చోట తాను నిలబడాలి.

తగాదా అంతా ఆ మూడో లక్షణం దగ్గరే. మార్కెట్‌లో ఏఆర్ పేరుతో అమ్ముడయ్యే చాలా పరికరాలకు అది లేదు. కంటి మూలన చిన్న తెర ఉంటుంది, అందులో డ్రాయింగో చెక్‌లిస్టో కనిపిస్తుంది, నోటి మాటతో పేజీ తిరుగుతుంది. వాల్వ్ ఎక్కడుందో ఆ పరికరానికి తెలియదు, తెలిసినట్టు నటించదు కూడా. దీన్ని ‘అసిస్టెడ్ రియాలిటీ’ అంటున్నారు. పేరులో గ్లామర్ తక్కువే. కానీ రెండు చేతులూ ఖాళీగా ఉండి, చుట్టూ చూపు అడ్డం లేకుండా ఉండాల్సిన పనుల్లో చాలాసార్లు ఇదే మేలు. తప్పు చోట బాణం వేసే ప్రమాదమే దీనికి లేదు మరి.

ఒకే పేరు కింద ఐదు వేర్వేరు పనులు

‘భద్రత కోసం ఏఆర్’ అన్నప్పుడు అమ్మేవారి మనసులో ఒకటి, కొనేవారి మనసులో మరొకటి ఉండటం మామూలు.

దూరంగా ఉన్న నిపుణుడు కార్మికుడి కెమెరా ద్వారా చూస్తూ, తెర మీద గుర్తులు గీస్తూ సాయపడటం ఒక రకం. పనిని మెట్టు మెట్టుగా చూపించి ప్రతి మెట్టుకూ ‘అయింది’ అనిపించుకోవడం రెండోది. నిజమైన యంత్రం మీద ఊహా ప్రమాదాలు చూపించి శిక్షణ ఇవ్వడం మూడోది. గోడ వెనక కేబుల్, పైపులోని ప్రెషర్, మోటారు ఉష్ణోగ్రత లాంటి కంటికి కనపడనివాటిని కళ్ల ముందుకు తేవడం నాలుగోది. ‘వెనక ఫోర్క్‌లిఫ్ట్ వస్తోంది’, ‘ఇది నిషేధిత ప్రాంతం’ అని అక్కడికక్కడ హెచ్చరించడం ఐదోది.

వీటన్నిటినీ ఒకే తూకంతో తూచడం కుదరదు. శిక్షణలో బాణం జరిగితే క్లాసులో నవ్వుకుంటారు. ఐదో రకంలో హెచ్చరిక అర సెకను ఆలస్యమైతే మనిషి పోవచ్చు. మొదటి రకం భద్రతకు చేసే మేలు పరోక్షం: నిపుణుడు ప్రమాదకరమైన చోటికి స్వయంగా రానక్కర్లేదు కాబట్టి ప్రమాదానికి ఎదురయ్యే మనుషుల సంఖ్య తగ్గుతుంది. ఆ మేలు చిన్నదేమీ కాదు. ఈ ఐదూ ఒకే ప్యాకేజీలో ఉన్నాయని ఎవరైనా అంటే, వాటిలో ఏది మీ ఫ్యాక్టరీలో జరిగిన ఏ ప్రమాదాన్ని ఆపి ఉండేదో ప్రమాదాల రిజిస్టర్ పక్కన పెట్టుకుని చూస్తే తప్ప ఆ మాటకు విలువ తెలియదు.

భద్రత నిచ్చెనలో ఏఆర్ ఏ మెట్టు మీద ఉంది

సేఫ్టీ ఆఫీసర్లందరికీ తెలిసిన నిచ్చెన ఒకటుంది. పనిచోట భద్రత మీద పరిశోధన చేసే అమెరికా సంస్థ నియోష్ దాన్ని బొమ్మగా గీసి ప్రచారంలో పెట్టింది, పనిచోట భద్రతకు సంబంధించిన 2018 నాటి ఐఎస్ఓ 45001 అంతర్జాతీయ ప్రమాణంలోనూ ఉంది. పైమెట్టు మీద ప్రమాదాన్నే లేకుండా చేయడం, దాని కింద తక్కువ ప్రమాదమైనదాన్ని వాడటం, ఆ కింద గార్డులు, ఇంటర్‌లాక్‌ల వంటి ఇంజనీరింగ్ ఏర్పాట్లు, ఆ కింద పని పద్ధతులు, శిక్షణ, హెచ్చరిక బోర్డులు, అట్టడుగున హెల్మెట్లు, గ్లవ్స్. కిందికి దిగేకొద్దీ రక్షణ మనిషి జాగ్రత్త మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

ఏఆర్ సాఫ్ట్‌వేర్ దాదాపు ఎప్పుడూ నాలుగో మెట్టు మీదే ఉంటుంది. కదిలే బోర్డు, మాట్లాడే చెక్‌లిస్టు, ఎంత తెలివైనదైనా బోర్డే, చెక్‌లిస్టే.

తిరిగే షాఫ్ట్ ఒకటి తీసుకోండి. దానికి ఇనుప గార్డు వేసి, గార్డు తీస్తే మోటారు ఆగిపోయేలా ఇంటర్‌లాక్ పెట్టడం ఒక దారి. షాఫ్ట్ చుట్టూ హెడ్‌సెట్‌లో ఎర్రటి వలయం మెరిసేలా చేయడం మరో దారి. మొదటిది అలసిపోయిన మనిషినీ, కొత్తగా చేరిన మనిషినీ, హెడ్‌సెట్ పెట్టుకోని కాంట్రాక్టు కూలీనీ ఒకే తీరుగా కాపాడుతుంది. రెండోది చూపిస్తుందంతే, ఆపదు.

ఇక్కడే ప్రమాణాల గొడవ కూడా వస్తుంది. యంత్రాన్ని ఆపాల్సిన కంట్రోల్ వ్యవస్థలు ఎంత నమ్మదగ్గవో కొలవడానికి ఐఈసీ 61508, ఐఎస్ఓ 13849 వంటివి ఉన్నాయి. ఎమర్జెన్సీ స్టాప్, లైట్ కర్టెన్ (కాంతి కిరణాలకు ఏదైనా అడ్డొస్తే యంత్రాన్ని ఆపేది) వంటివి ఆ లెక్కల్లో నెగ్గి వస్తాయి. మామూలు ఏఆర్ సాఫ్ట్‌వేర్ అలాంటి పరీక్షల కోసం తయారైనది కాదు. అందువల్ల ‘ఏఆర్ ఉంది కదా, ఈ గార్డు ఎందుకు’ అన్న వాదన ఎక్కడైనా వినిపిస్తే అది ఖర్చు తగ్గించుకునే మాటే, భద్రత పెంచే మాట కాదు.

అలాగని నాలుగో మెట్టును తీసిపారేయలేం. మెయింటెనెన్స్, రిపేరు, షట్‌డౌన్ పనుల్లో గార్డు విప్పక తప్పదు. అప్పుడు మనిషిని కాపాడేది పద్ధతే. లాకౌట్-ట్యాగౌట్‌లో, అంటే పని మొదలుపెట్టే ముందు యంత్రానికి శక్తి అందకుండా తాళం వేసి ట్యాగు కట్టే పద్ధతిలో, ఒక మెట్టు మరిచిపోవడం, తప్పు బ్రేకర్ దించడం, లోపల మిగిలిన ప్రెషర్ వదలకుండానే ఫ్లాంజ్ (పైపుల అతుకు) విప్పడం లాంటి తప్పులకు ఇనుప గార్డు దగ్గర సమాధానం లేదు. ఏఆర్‌ను సమర్థించేవారి బలమైన వాదన ఇదే: పద్ధతి ఫైల్లో ఉండి పని పంపు దగ్గర జరుగుతున్నప్పుడు, ఆ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించేది ఇదొక్కటేనని. విమర్శకులు ఇంకోమాట అంటారు. యాజమాన్యం మార్చాల్సిన యంత్రాన్ని అలాగే ఉంచి, భారమంతా కార్మికుడి కళ్ల మీద పెట్టడానికి ఇది సులువైన సాకు అవుతుందని. రెండూ నిజమే. ఏ పని గురించి మాట్లాడుతున్నామన్న దాన్నిబట్టి ఏది ఎక్కువ నిజమో తేలుతుంది.

బాణం ఎందుకు జరుగుతుంది

హెడ్‌సెట్ తానెక్కడ ఉందో నిరంతరం లెక్క కట్టుకుంటూ ఉంటుంది. కెమెరాలకు కనిపించే మూలలు, గీతలు, గుర్తులు పట్టుకుని, కదలికను కొలిచే సెన్సర్లతో కలిపి గది పటం గీసుకుంటుంది. ఈ పద్ధతికి స్లామ్ అని పేరు. గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ లాంటి గుర్తును ఆధారం చేసుకోవడం ఇంకో పద్ధతి. యంత్రం త్రీడీ నమూనాను ముందే ఇచ్చి, కెమెరాకు కనిపించేదానితో పోల్చమనడం మూడోది.

ఫ్యాక్టరీలో ఇవి మూడూ ఇబ్బంది పడతాయి. ఆవిరి, మసక వెలుతురు, తళతళలాడే స్టీలు పైపులు, అన్నిటికీ మించి ఒకేలాంటి యంత్రాల వరసలు. మూడో పంపూ నాలుగో పంపూ నమూనాలో ఒకటే అయినప్పుడు పోలిక చూసే సాఫ్ట్‌వేర్ తికమక పడటంలో వింతేముంది? క్యూఆర్ గుర్తు మీద గ్రీజు పడుతుంది. పోయిన ఏడాది పైపు మార్చి డ్రాయింగ్ మార్చకపోతే నమూనాయే అబద్ధం.

ఒక చిన్న లెక్క చూద్దాం. హెడ్‌సెట్ దిశను అంచనా వేయడంలో 2 డిగ్రీల తేడా వచ్చిందనుకుందాం. మీటరు దూరంలో ఆ తేడా మూడున్నర సెంటీమీటర్లు. అక్కడ పర్వాలేదు, బాణం ఆ వాల్వ్ చక్రం మీదే ఉంటుంది. 3 మీటర్ల దూరంలో అదే తేడా 10.5 సెంటీమీటర్లు. వాల్వుల మధ్య దూరం 20 సెంటీమీటర్లయితే బాణం దాదాపు రెండింటి నడుమ నిలుస్తుంది. మనం మొదట చూసిన పంపు హౌస్‌లో జరిగిందిదే.

కాబట్టి సాఫ్ట్‌వేర్‌లను పోల్చేటప్పుడు ‘కచ్చితత్వం ఎంత’ అన్న అంకె ఒక్కటే చాలదు. పట్టు తప్పినప్పుడు ఆ సంగతి తనకు తెలుస్తుందా, తెలిస్తే బాణం తీసేస్తుందా, లేక ధీమాగా తప్పు చోటే చూపిస్తూ ఉంటుందా అన్నది అంతకంటే ముఖ్యం. కొన్నిటిలో వాల్వ్‌కు కట్టిన ట్యాగు మీది కోడ్‌ను స్కాన్ చేస్తే తప్ప తర్వాతి మెట్టు తెరుచుకోదు. ఈ ఏర్పాటులో బాణం దగ్గరికి తీసుకెళ్తుంది, ఏ వాల్వ్ అన్నది ట్యాగే తేలుస్తుంది. అయితే స్కాన్ చేసినంత మాత్రాన వాల్వ్ మూసినట్టు కాదు. ప్రెషర్ గేజ్ సున్నా చూపిస్తోందా, వైరులో కరెంటు లేదని టెస్టర్ చెబుతోందా అన్నది చేత్తో తేల్చుకోవాల్సిందే.

సెకనులో నాలుగు పదో వంతుల విలువ

ఫోర్క్‌లిఫ్ట్ గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. అంటే సెకనుకు సుమారు 2.8 మీటర్లు. సెన్సర్ చూసి, సమాచారం సర్వర్‌కు వెళ్లి, హెచ్చరిక హెడ్‌సెట్‌లో వెలగడానికి 0.4 సెకను పట్టిందనుకుందాం. ఆలోగా బండి మీటరు పైచిలుకు ముందుకొచ్చేసింది. హెచ్చరిక చూసి మనిషి అర్థం చేసుకుని కదలడానికి సెకనున్నర వేసుకుంటే మరో 4.2 మీటర్లు. మొత్తం 5.3 మీటర్లు. మూల తిరిగే చోట ఎదురుగా కనిపించే దూరం 4 మీటర్లే అయితే ఆ హెచ్చరిక వెలిగినా ఒకటే, వెలగకపోయినా ఒకటే.

లెక్క ఎక్కడ జరుగుతుందన్న ప్రశ్న ఇందుకే వస్తుంది. క్లౌడ్ మీద నడిచే సాఫ్ట్‌వేర్‌ను నిర్వహించడం తేలిక, అప్‌డేట్లు తేలిక. కానీ బాయిలర్ వెనక, ట్యాంకు లోపల, భూగర్భ గదిలో నెట్‌వర్క్ ఉండదు. ప్రమాదాలేమో సరిగ్గా అక్కడే ఎక్కువ. నెట్ పోయినప్పుడు చెక్‌లిస్టు పరికరంలోనే నడిస్తే చాలావరకు నష్టం లేదు. హెచ్చరికల విషయంలో అలా కాదు: తెర ఖాళీగా ఉంటే ‘ప్రమాదం లేదు’ అనుకోవాలా, ‘సమాచారం లేదు’ అనుకోవాలా? ఈ రెండింటినీ వేర్వేరుగా చూపించని సాఫ్ట్‌వేర్, ఏ హెచ్చరికా ఇవ్వని దానికంటే చెడ్డది.

వందకు తొంభై అయిదు మార్కులు ఎందుకు చాలవు

‘మా కెమెరా 95 శాతం కచ్చితంగా ప్రమాదాన్ని గుర్తిస్తుంది’ అన్న మాట వినడానికి బాగుంటుంది. ఒక షిఫ్టులో సాఫ్ట్‌వేర్ 1000 సందర్భాలను పరిశీలించిందనుకుందాం. వాటిలో నిజంగా ప్రమాదమున్నవి 2. ఉన్నదాన్ని ఉన్నట్టు, లేనిదాన్ని లేనట్టు చెప్పడంలో 95 శాతం సరి అనుకుంటే, ఆ రెండింటినీ దాదాపుగా పట్టుకుంటుంది. మిగిలిన 998లో 5 శాతం, అంటే సుమారు 50 సార్లు, ఊరికే అరుస్తుంది. 52 హెచ్చరికల్లో 50 ఉత్తివి. ఎనిమిది గంటల షిఫ్టులో తొమ్మిది నిమిషాలకొకటి. నాన్నా పులి కథ ఎలా ముగుస్తుందో అందరికీ తెలుసు.

ఇంకో చిక్కు సూక్ష్మమైనది. తెర మీద ఉన్నదాని మీద దృష్టి పెడితే పక్కనున్నది కనపడదు. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో ఎండోస్కోపీ చేస్తున్న సర్జన్లకు ఏఆర్ గీతలు చూపించారు. గురిపెట్టిన చోటును వాళ్లు మరింత కచ్చితంగా చేరుకున్నారు. కానీ అక్కడ ఉండకూడని ఒక స్క్రూ కళ్లెదుటే ఉన్నా, ఏఆర్ లేనివారితో పోలిస్తే వీరిలో గమనించినవారు తక్కువ. ఆపరేషన్ థియేటర్‌కూ ఫ్యాక్టరీకీ తేడా ఉంది, నిజమే. చూపు మాత్రం రెండుచోట్లా మనిషిదే. తెర మీద ఎంత తక్కువ చూపిస్తే అంత మంచిదన్న వాదనకు బలం ఇక్కడి నుంచే వచ్చింది. మంచి సాఫ్ట్‌వేర్‌ను దాని ఫీచర్ల జాబితా కంటే, నడుస్తున్నప్పుడు అది ఏమేం దాచేస్తుందో చూసి అంచనా వేయడం మేలని నాకనిపిస్తుంది.

తల మీద మోసేది, చేతికి అంటేది

సాఫ్ట్‌వేర్ ఎంపిక చాలాసార్లు పరికరం దగ్గర తేలిపోతుంది. మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ 2 బరువు 566 గ్రాములు. బొమ్మలు కనిపించే వెడల్పు 43 డిగ్రీలు. రెండు మీటర్ల దూరంలో అది సుమారు 1.6 మీటర్ల కిటికీ. మనిషి సహజ చూపు అటూ ఇటూ కలిపి 180 డిగ్రీలు దాటుతుంది. పక్క నుంచి వచ్చే ప్రమాదాన్ని ఆ కిటికీలో ఉంచి చూపించడం కుదరదు. శబ్దంతోనో అంచున బాణంతోనో సూచించాలి.

మండే వాయువులుండే చోట సంగతి వేరు. అక్కడికి బ్యాటరీ ఉన్న ఏ పరికరమైనా ఆ జోన్‌కు తగిన ఏటెక్స్ లేదా ఐఈసీ-ఎక్స్ సర్టిఫికెట్‌తోనే (పేలుడు ప్రమాదమున్న చోట వాడదగ్గదని తెలిపేది) వెళ్లాలి. అలాంటి హెడ్‌సెట్లు కొన్నే ఉన్నాయి, వాటిలో ఎక్కువ కంటి మూలన తెర ఉండేవే. రిఫైనరీకి సాఫ్ట్‌వేర్ వెతికేవాళ్లకు ఎంపిక అక్కడే సగం అయిపోతుంది.

మిగతావి చిన్నవిగా కనిపిస్తాయి: హెల్మెట్ మీద కూర్చుంటుందా, పవర్ కళ్లద్దాలవాళ్లకు పనికొస్తుందా, చెమటకు మసకబారుతుందా, గ్లవ్స్ వేసుకుని గాలిలో వేలు తిప్పితే గుర్తిస్తుందా, కంప్రెసర్ పక్కన నిలబడి అరిస్తే వినబడుతుందా. ఈ చిన్నవాటి వల్లనే పరికరాలు మూడో వారానికి అల్మారాలోకి చేరతాయి.

కెమెరా కార్మికుడినీ చూస్తుంది

హెడ్‌సెట్ వాల్వ్‌ను చూడాలంటే కెమెరా నడవాలి. అది పక్కన పనిచేసేవారి ముఖాలు, మాటలు కూడా పట్టుకుంటుంది. కొన్ని పరికరాలు చూపు ఎటు తిరుగుతోందో కూడా కొలుస్తాయి. యాజమాన్యాలు దీన్ని ప్రమాద విచారణకు పనికొచ్చే ఆధారంగా చూస్తాయి. కార్మికులు ‘ఈ మెట్టు దగ్గర నలభై సెకన్లు ఎక్కువ తీసుకున్నావేం’ అన్న ప్రశ్నగా చూస్తారు. భద్రత పేరుతో సేకరించిన వీడియో పనితీరు లెక్కలకు వాడతారన్న అనుమానం ఒక్కసారి పుడితే, నియర్ మిస్‌లు, అంటే త్రుటిలో తప్పిన ప్రమాదాలు, చెప్పుకోవడం ఆగిపోతుంది. వీడియో పరికరంలోనే చెరిగిపోతుందా, సర్వర్‌కు వెళ్తుందా, ఎన్నాళ్లుంటుంది, ఎవరు చూడగలరు అన్న సెట్టింగులు అందుకే సాంకేతిక వివరాలుగా మాత్రమే మిగలవు.

పరికరం ఆగిపోతే పద్ధతి ఎక్కడుంటుంది

ఈ రంగంలో ఉత్పత్తుల ఆయుష్షు తక్కువ. ఫ్యాక్టరీల కోసం స్మార్ట్ హెల్మెట్ తెచ్చిన డాక్రీ 2019లో మూతపడింది. గూగుల్ గ్లాస్ ఎంటర్‌ప్రైజ్ అమ్మకాలు 2023లో ఆగాయి. హోలోలెన్స్ 2 తయారీ ముగిసిందని 2024 అక్టోబర్‌లో తేలింది. భద్రతా అప్‌డేట్లు 2027 చివరిదాకే. పంపు ముప్పై ఏళ్లుంటుంది, దాన్ని విప్పే పద్ధతి చూపించే పరికరం ఐదేళ్లు కూడా ఉండకపోవచ్చు.

200 లాకౌట్ పద్ధతుల్ని ఒక కంపెనీ సొంత ఫార్మాట్‌లోకి ఎక్కించారనుకోండి. ఒక్కోదానికి త్రీడీ గుర్తులు పెట్టి, పరీక్షించి, ఆమోదం తీసుకోవడానికి రెండు రోజులు పడితే మొత్తం 400 పనిదినాలు. పరికరం మారితే అందులో ఎంత మిగులుతుంది? పద్ధతి పాఠం, బొమ్మలు, మార్పుల చరిత్ర మామూలు ఫైళ్లుగా బయటికి వస్తే నష్టం గుర్తులు మళ్లీ పెట్టుకోవడం వరకే. వేర్వేరు హెడ్‌సెట్లకు ఒకే సాఫ్ట్‌వేర్ రాసే వీలు కోసం కంపెనీల కూటమి అయిన క్రోనోస్ గ్రూప్ 2019లో తెచ్చిన ఓపెన్ఎక్స్‌ఆర్ ప్రమాణం కొంత సాయపడుతుంది. అయితే అది పరికరంతో మాట్లాడే భాషను కలుపుతుంది, మీరు ఎక్కించిన పద్ధతులను మోసుకెళ్లదు. రెండూ ఒకటే అన్నట్టు కొందరు అమ్ముతున్నారు.

దీనికి తోడు మార్పుల నిర్వహణ ఉంది. ప్లాంట్‌లో ఒక వాల్వ్ మారిస్తే కాగితం మీది పద్ధతీ, డ్రాయింగూ, ఏఆర్ నమూనా మూడూ మారాలి. మూడోది మరిచిపోతే, కార్మికుడు ఎక్కువగా నమ్మేది దాన్నే కాబట్టి, కీడు కూడా ఎక్కువే.

‘ప్రమాదాలు మూడో వంతు తగ్గాయి’ అంటే

150 మంది పనిచేసే ప్లాంట్. ఒక్కొక్కరూ ఏడాదికి 2000 గంటలు, మొత్తం 3 లక్షల గంటలు. నిరుడు నమోదైన గాయాలు 3. గాయాల సంఖ్యను 2 లక్షలతో హెచ్చించి మొత్తం గంటలతో భాగించే లెక్క ప్రకారం రేటు 2.0. ఏఆర్ తెచ్చాక ఈ ఏడాది గాయాలు 2, రేటు 1.33. మూడో వంతు తగ్గింది. బ్రోషర్‌లోకి ఎక్కడానికి చక్కటి అంకె.

కానీ మూడు రెండవడం, రెండు నాలుగవడం ఇంత చిన్న ప్లాంట్‌లో ఏ మార్పూ చేయకపోయినా జరుగుతుంది. ఒక్క ఏడాది గాయాలను చూసి ఏఆర్ పనిచేసిందనీ అనలేం, చేయలేదనీ అనలేం. ఎక్కువసార్లు జరిగేవాటిని లెక్కపెడితే కొంత తెలుస్తుంది: పద్ధతిలో వదిలేసిన మెట్లు, తప్పు పరికరం మీద స్కాన్ చేయబోయి ఆగిన సందర్భాలు, నియర్ మిస్ రిపోర్టులు. కాగితం చెక్‌లిస్టుతో ఇదే పని చేసిన షిఫ్టు పక్కనే ఉంటే పోలికకు అర్థం ఉంటుంది. లేకపోతే కొత్త వస్తువు వచ్చినప్పుడు అందరూ కొన్నాళ్లు జాగ్రత్తగా ఉండటాన్నే ఏఆర్ ఖాతాలో వేసే అవకాశముంది. రిపోర్టుల్లో సాధారణంగా కనిపించని అంకె ఒకటుంది: ఆ హెడ్‌సెట్‌ను ఒక షిఫ్టులో ఎన్నిసార్లు తీసి పక్కన పెట్టారు, ఏ పని మధ్యలో తీశారు.